సున్నాలు

డిపోలో నన్ను జీరో అంటారు.
పేరు పలకలేక కాదు, నా పనే అది.
తెల్లరంగు స్ప్రే డబ్బా పట్టుకుని
రోడ్డు మీద ప్రతి గుంటకీ ఒక సున్నా చుట్టడం.
వెనకాల గ్రేడరు మీద కీత్ మల్వానీ వస్తాడు,
లేదా రాడు.
వాన మళ్ళీ అందుకుంటే
ఇద్దరి పనికీ కలిపి ఒకటే సున్నా.

మూడు రాత్రులు కురిసింది.
మొదటి రాత్రి చెట్లు. రెండో రాత్రి కరెంటు.
మూడో రాత్రి, టాలోస్ గల్లీ రోడ్డు కింద
ముప్పై ఏళ్ళు ముడుచుకు పడుకున్న తూము
కట్టు తెంచుకున్న దున్నలా లేచి,
బీళ్ళన్నీ తొక్కుకుంటూ పోయి
రెండు కిలోమీటర్ల అవతల
ఎవరిదో కంచెకి తల ఆనించి ఆగింది.

తెల్లవారుజామున నాలుగింటికి కౌన్సిల్ హాల్లో
ఫోన్లు, తడి సాక్సుల వాసన, అడుగంటిన టీ.
మూసిన రోడ్లకి మ్యాపులో గుచ్చే
ఎర్ర సూదులు అయిపోతే
లైబ్రరీ గదిలోంచి పిల్లల స్టిక్కర్లు తెచ్చారు.
గమ్‌బూట్లలో నిలబడ్డ మేయరు
పదిహేడు డైనోసార్లని లెక్కపెట్టి
కుర్చీ కోసం చుట్టూ చూసింది.

టాలోస్ గల్లీ చివర ఒకటే ఇల్లు.
నూట నలభై ఆవులు, ఐరిస్ థోర్బర్న్.
ట్యాంకరు రాదు. పొదుగులు ఆగవు.
రెండు పూటలా పితికి, రెండు పూటలా పారబోసి
ఫోను చేసేది, తిట్టడానికి కాదు,
"ఇవాళ మూడు వేల లీటర్లు. రాసుకో."
ఏ గడిలో రాయాలో తెలియక
మార్జిన్‌లో రాసుకునేవాణ్ణి.

తర్వాత కాగితాలొచ్చాయి.
తుఫానుకి ముందు ఎలా ఉండేదో అలాగే వేస్తే డబ్బిస్తారట.
అంతకన్నా ఒక్క అంగుళం మెరుగైనా ఇవ్వరట.
ముందెలా ఉండేదో ఫోటో కావాలట.
బాగున్న రోడ్డుని ఎవరు ఫోటో తీస్తారు?
నొప్పి లేనప్పుడు నడుం ఉందని ఎవరికి గుర్తు?

ఐరిస్ తెచ్చింది.
తెగిన గట్టు దిగి, ఎక్కి,
దాణా సంచీలో చుట్టిన ఆల్బం.
పనికొచ్చేది ఒకటే.
ప్రదర్శనలో రిబ్బను గెలిచిన పెయ్య,
దాని పలుపు పట్టుకుని నవ్వీ నవ్వని ఒక మనిషి,
వెనకాల తూము, తూము మీద రోడ్డు,
అంచులదాకా కంకర.
"పెయ్య పేరు డచెస్," అంది.
మనిషి పేరు చెప్పలేదు.

ఆఫీసులో కత్తిరించారు.
పెయ్య పోయింది. మనిషి పోయాడు.
మోచెయ్యి ఒకటి ఉంచారు, ఎడమ మూలన,
తూము ఎత్తు అంచనాకి పనికొస్తుందని.

చిన్నప్పుడు నాతో గుంట ఓనమాలు దిద్దించారు,
గాడిలోంచి వేలు జారకుండా, రోజూ.
ఆ గుంటలు అక్షరాలయ్యాయి.
ఈ గుంటల్ని ఎన్నేళ్ళు దిద్దినా
నా చదువు సున్నా దాటదు.

పదకొండో వారం డబ్బొచ్చింది.
కొత్త తూము, పాతదాని వెడల్పే.
"వచ్చే వానకి ఇదీ ఈత నేర్చుకుంటుంది,"
రోలరు దిగకుండానే అన్నాడు కీత్.
టియానా చేతిలో బోర్డు తిప్పింది.
ముందుగా దాటింది పాల ట్యాంకరు.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తాడు.

ఫోటో తిరిగివ్వడానికి వెళ్ళాను.
పొదుగు కడుగుతోంది. తల తిప్పలేదు.
"రోడ్డు కనిపించిందా వాళ్ళకి?"
కనిపించిందన్నాను.
"ఆయన నిలబడ్డాడే, ఆ అంచు
ఎప్పుడూ కొంచెం మెత్తనే.
చూసుకుని పోనీ."

తిరిగొస్తూ అక్కడ బండి ఆపాను.
బూటు మడమతో నొక్కి చూశాను.
గుంట ఇంకా పడలేదు.
డబ్బా ఊపాను,
అడుగున గోళీ గలగలమంది,
మూత పెట్టేశాను.